ఉరుము వినపడని చోటు నుంచి

యాసంగి కోతలు ముగిసే రోజుల్లో మఠంపల్లిలో వడ్ల కొనుగోలు కేంద్రం దగ్గర కాసేపు నిలబడితే ఒక సంగతి కనిపిస్తుంది. ఎండ తగ్గి, గాలి ఆగి, ఒళ్ళంతా జిగటగా చెమట పట్టగానే అక్కడున్న కుర్రవాళ్ళు ముందు ఫోను తీస్తారు. ఉపగ్రహం పంపిన మేఘాల బొమ్మ తెరుస్తారు. డెల్టా మీద తెల్లమచ్చలు ఎక్కడున్నాయి, పల్నాడు మీదున్న మచ్చ పెద్దదయిందా, హుజూర్‌నగర్ వైపు ఏమన్నా కదులుతోందా అని చూస్తారు. ఆ తరవాతే తలెత్తుతారు. మా చిన్నాన్న మాత్రం ఫోను జోలికి పోడు. భుజం మీది తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ నది వైపే చూస్తుంటాడు. "మచ్చ మన ఊరి మీదే ఉంది చిన్నాన్నా, మరి చినుకు లేదేంటి?" అని మా తమ్ముడు అడిగితే, "మన మీదెక్కడుందిరా, అవతలి ఒడ్డున ఉంది. గాలి తిరిగిందంటే అప్పుడు మన మీదకి. ముందు పట్టాలు తియ్యండి," అంటాడు. ఇద్దరూ చూస్తున్నది ఒకే మబ్బుని. ఒకడు 36 వేల కిలోమీటర్ల పైనుంచి చూస్తున్నాడు, ఇంకొకాయన దాని కాళ్ళ దగ్గర నిలబడి చూస్తున్నాడు. ఇద్దరిలో ఎవరికి అది బాగా కనిపిస్తోంది? ఈ ప్రశ్న నన్ను పట్టుకుని వదలడం లేదు. నేను ఉద్యోగం పేరుతో దూరంగా ఉండేవాణ్ణి కనక, ఏడాదిలో చాలా రోజులు ఆ మబ్బును పైనుంచి చూసేవాళ్ళ జట్టులోనే ఉంటాను. అందుకే కాబోలు, చిన్నాన్న మాట నాకే తగిలినట్టుంటుంది.

పైనుంచి చూడటంలో ఒక వ్యామోహం ఉందని ఒప్పుకోవాలి. ఏప్రిల్‌లో ఒక పొద్దుటిపూట బొమ్మ తెరిచి చూడండి. నల్లమల కొండలు దాటి, సాగర్ ఆనకట్ట దాటి, పల్నాడుకీ మాకూ మధ్య సున్నపురాతి నేలల్లో ఒదిగి ఒదిగి వచ్చే కృష్ణ కనిపిస్తుంది. మట్టపల్లి నరసింహస్వామి గుడి ముందు పులిచింతల వెనకజలాలు నిలిచిన చోట కాస్త వెడల్పవుతుంది. విజయవాడ కొండల సందులోంచి బయటపడగానే దానికి ఊపిరాడినట్టవుతుంది, నేల పచ్చగా విచ్చుకుంటుంది. పులిగడ్డ దగ్గర పాయలుగా చీలి, మధ్యలో దివిసీమను పెట్టుకుని, హంసలదీవి దగ్గర సముద్రంలో కలుస్తుంది. పొద్దున్నే ఇదంతా తేటగా ఉంటుంది. పదకొండు దాటాక మెట్టనేలల మీద చిన్నచిన్న తెల్లచుక్కలు పుడతాయి. నీళ్ళ మీద మాత్రం పుట్టవు. నేల వేడెక్కినంత తొందరగా నీరు వేడెక్కదు, వేడెక్కని చోట గాలి పైకి లేవదు, గాలి లేవని చోట మబ్బు కట్టదు. అందుకే మబ్బుల మధ్య నది దారి ఖాళీగా, చక్కగా తెలిసిపోతుంది. మబ్బులు లేకపోవడమే నదికి ఆనవాలు కావడం నాకు ఎప్పుడూ వింతగానే ఉంటుంది. నది మీద కురిసే వానంతా నది లేనిచోటే పుడుతుందన్నమాట. రెండు, మూడు గంటల వేళకు ఆ చుక్కల్లో ఏదో ఒకటి ఉన్నట్టుండి ఆగకుండా పెరగడం మొదలవుతుంది. అప్పటిదాకా కుదురుగా ఉన్నది, పొయ్యి మీద పాలు పొంగినట్టు, చూస్తుండగానే అంచు దాటుతుంది.

ఎందుకు పొంగుతుంది? ఈ ఎండాకాలపు రోజుల్లో విదర్భ నుంచి తెలంగాణ మీదుగా తమిళనాడు దాకా ఒక ద్రోణి నిలుస్తుందని వార్తల్లో వింటూనే ఉంటాం. దానికి తూర్పున బంగాళాఖాతం నుంచి వచ్చే తేమగాలి, పడమట దక్కన్ మీద కాగిన పొడిగాలి. ఈ రెండూ ఎదురుపడే గీత ఒక్కో రోజు ఒక్కో చోట ఉంటుంది. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతం చాలాసార్లు ఆ గీత దారిలో పడుతుంది. తేమగాలి వేడెక్కి పైకి లేస్తుంది. లేచేకొద్దీ చల్లబడుతుంది. చల్లబడి ఆవిరి నీటిబొట్లుగా మారేటప్పుడు, ఆవిరయ్యేటప్పుడు దాచుకున్న వేడిని విడిచిపెడుతుంది. ఆ వేడి మబ్బును ఇంకా పైకి నెడుతుంది. అంటే ఆ మబ్బు తన ఇంధనాన్ని తానే సమకూర్చుకుంటుంది. పదహారు కిలోమీటర్ల ఎత్తున దానికి అడ్డు తగులుతుంది. ఆ పైన గాలి చల్లగా కాక వెచ్చగా ఉంటుంది కనక ఇక లేవలేక, పక్కలకు బల్లపరుపుగా పరుచుకుంటుంది. పత్రికలు క్యుములోనింబస్ అని రాసేది దీన్నే. మఠంపల్లి రోడ్డు మీద 42 డిగ్రీల ఎండ కాస్తుంటే, అదే నిలువు గీత మీద, ఆ మబ్బు తల దగ్గర, సున్నాకు దిగువన 70 డిగ్రీల చలి. హుజూర్‌నగర్‌కి బస్సులో పోయినంత దూరం కూడా లేదు. ఆ దూరంలో నడివేసవి నుంచి ధ్రువప్రాంతపు చలికి ప్రయాణం. ఉపగ్రహంలోని పరారుణ కెమెరా కొలిచేది ఆ చలినే. ఎంత చల్లగా ఉంటే మబ్బు అంత ఎత్తున ఉన్నట్టు, ఎంత ఎత్తున ఉంటే వాన అంత గట్టిగా కురిసే వీలున్నట్టు. రాత్రివేళ కూడా మబ్బు మనకు బొమ్మలో కనిపించడానికి కారణం అదే. దానికి వెలుతురుతో పని లేదు.

ఆ పరుచుకున్న మబ్బుతల ఏ దిక్కుకు సాగుతుందో గమనిస్తే ఏ కాలమో చెప్పవచ్చు. ఏప్రిల్‌లో పైగాలులు పడమటివి కనక మబ్బుతల తూర్పుకు, డెల్టా వైపు, సముద్రం వైపు సాగుతుంది. జూలై వచ్చేసరికి అదే డెల్టా మీద మబ్బుతలలు పడమటికి సాగుతాయి. కింద మనకు నైరుతి గాలి వీస్తుంటుంది, పైన పదిహేను కిలోమీటర్ల దగ్గర తూర్పుగాలి అంతకన్నా ఎంతో వేగంగా ఎదురు పోతుంటుంది. ఆ తూర్పు గాలి ప్రవాహాన్ని గుర్తించి 1958లో లోకానికి చెప్పినవాడు మన తెలుగువాడే, పంచేటి కోటేశ్వరం. తరవాత భారత వాతావరణ శాఖకు అధిపతి అయ్యారు. ఆయన ఆ మాట రాసేనాటికి మేఘాలను పైనుంచి చూసే ఉపగ్రహం ఒక్కటీ లేదు. మొదటి వాతావరణ ఉపగ్రహం టైరాస్ పైకి వెళ్ళింది 1960 ఏప్రిల్‌లో. బెలూన్లు వదిలి, అవి గాలిలో ఎటు కొట్టుకుపోతున్నాయో లెక్కగట్టి, కాగితం మీద గీతలు గీసి, ఎవరూ చూడని ఎత్తులో ఏమి జరుగుతోందో ఆయన తేల్చారు. ఈ రోజు మా తమ్ముడు ఫోనులో బొటనవేలితో జరిపి చూసే తెల్లటి తోకలో ఆ ఆవిష్కరణ మొత్తం ఉంది. పైనుంచి చూడటమంటే పైకెక్కి చూడటమే కానక్కర్లేదని కోటేశ్వరం గారిని తలుచుకున్నప్పుడల్లా అనిపిస్తుంది. నేల మీద నిలబడి కూడా మనసును అంత ఎత్తుకు పంపవచ్చు. కానీ దానికి బెలూనుకు కట్టిన పరికరం చెప్పే మాటను ఓపికగా వినాలి.

వినడం అన్న మాట వచ్చింది కనక నా చిన్నతనపు రాత్రులు చెప్పుకోవాలి. ఎండాకాలం డాబా మీద పడుకునేవాళ్ళం. సాయంత్రం నీళ్ళు చల్లినా డాబా అర్ధరాత్రి దాకా వేడి కక్కుతూనే ఉండేది. సిమెంటు ఫ్యాక్టరీ లైట్లు ఒక పక్క, నది మీది చీకటి ఒక పక్క. అలాంటి రాత్రుల్లో తూర్పు ఆగ్నేయంగా, నేల అంచున, మెరుపులు మెరిసేవి. మన మెరుపుల్లాగా గీతలు గీతలుగా ఉండేవి కావు. అంచు మొత్తం ఒక్కసారి ఎర్రబారి, ఆరిపోయేది. ఉరుము కోసం చెవులు రిక్కించి వేళ్ళు లెక్కపెట్టుకునేవాణ్ణి. ఉరుము వచ్చేది కాదు. మా నెత్తి మీద ఒక్క మబ్బు లేదు, చుక్కలు తేటగా ఉన్నాయి, అటు చూస్తే ఆకాశం తగలబడుతోంది, చప్పుడు లేదు. "అది మనది కాదు నాయనా, బందరు మీద కురుస్తోంది. పడుకో," అనేది నాయనమ్మ. ఆవిడ బందరు ఎన్నడూ చూడలేదు. అయినా ఆ మాట నిజమే అయి ఉంటుందని ఇప్పుడు లెక్క వేసుకుంటే తెలుస్తోంది. బందరు మాకు సుమారు 150 కిలోమీటర్లు. పదిహేను కిలోమీటర్ల ఎత్తున్న మబ్బుతల, అడ్డం ఏమీ లేకపోతే, నాలుగు వందల కిలోమీటర్ల దూరానికి కూడా నేల అంచున కనిపిస్తుంది. ఉరుము మాత్రం పదిహేను, ఇరవై కిలోమీటర్లు దాటి రాలేదు. వెలుగు చేరినంత దూరం చప్పుడు చేరదు. నాయనమ్మ నన్ను పడుకోమన్నాక కూడా నేను అటే చూస్తూ పడుకునేవాణ్ణి. నిజం చెప్పాలంటే అంత అందమైన దృశ్యం మా ఊళ్ళో ఇంకొకటి చూడలేదు. ఆ వెలుగు కింద ఎవరైనా ఉన్నారా అని మాత్రం ఆ వయసులో తోచలేదు. ఎందుకు తోచలేదు? భయం వేయలేదు కనక. భయపెట్టేది ఉరుము. అది నా దాకా రాలేదు.

ఆ డాబాకూ అంతరిక్ష కేంద్రానికీ పెద్ద తేడా లేదని తరవాత అర్థమైంది. నేల మీద నుంచి 400 కిలోమీటర్ల ఎత్తున అది తిరుగుతుంది. మఠంపల్లి నుంచి బందరు దాటడానికి దానికి ఇరవై సెకన్లు చాలు. రాత్రివేళ డెల్టా మీదుగా పోతున్నప్పుడు కిటికీలోంచి చూసేవాళ్ళకు మబ్బులు లోపలి నుంచి వెలిగి ఆరుతుంటాయి. ఒకటి వెలిగితే వంద కిలోమీటర్ల అవతల ఇంకొకటి వెలుగుతుంది. ఉరుము లేదు. మధ్యలో చప్పుడును మోసుకొచ్చే గాలి లేదు. పైన ఉన్నవాళ్ళకు ఉరుములన్నీ మెరుపులే. 2003 జనవరి 16న బయల్దేరిన కొలంబియా నౌకలో కల్పనా చావ్లాతో పాటు వెళ్ళిన ఇలాన్ రామోన్ దగ్గర ఒక కెమెరా ఉంది. పగలు ఎడారి దుమ్మును చూడటానికీ, రాత్రి ఉరుముల మబ్బుల పైన పుట్టే ఎర్రటి వెలుగులను పట్టుకోవడానికీ దాన్ని తీసుకెళ్ళారు. స్ప్రైట్లు అంటారు వాటిని. కింద బలమైన పిడుగు పడినప్పుడు, మబ్బుతల కన్నా ఎంతో ఎత్తున, నేల నుంచి అరవై, డెబ్బై కిలోమీటర్ల దగ్గర, రెప్పపాటు కన్నా తక్కువసేపు వెలిగిపోతాయి. కొలంబియా బృందం వాటిని పట్టుకుంది, బొమ్మలు కిందికి పంపింది. ఫిబ్రవరి 1న తిరిగి వస్తూ ఏడుగురూ నేల చేరలేదు. అప్పటికి కొన్ని నెలల ముందే, 2002 సెప్టెంబర్ 12న, మన శ్రీహరికోట నుంచి ఒక వాతావరణ ఉపగ్రహం వెళ్ళింది. పేరు మెట్‌శాట్. 2003 ఫిబ్రవరి 5న దానికి కల్పన-1 అని పేరు మార్చారు. ఆ తరవాత ఏళ్ళ తరబడి మన మబ్బులను మనకు చూపించిన కళ్ళలో ఆ కన్ను ఒకటి. మబ్బుల పైనుంచి చూసి, చూసింది చెప్పడానికి ఇంటికి రాలేకపోయిన మనిషి పేరుతో ఒక యంత్రం రోజూ చూసి, రోజూ చెబుతూ వచ్చిందంటే అది ఎంత న్యాయమైన సంగతి! చూడటం ఒక సగం, చెప్పడం ఇంకో సగం. ఆ పేరు పెట్టినవాళ్ళు ఇంత ఆలోచించారో లేదో గానీ, నాకు మాత్రం అలాగే తోస్తుంది.

ఇంతకూ ఆ కన్నుకు ఎంత కనిపిస్తుంది? ఇక్కడే నా సందేహాలు మొదలవుతాయి. కల్పన తరవాత వచ్చిన ఇన్‌శాట్-3డి 82 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర, భూమధ్యరేఖకు సరిగ్గా పైన నిలిచింది. కాకినాడకు తిన్నగా దక్షిణాన అనుకోవచ్చు. దాని పరారుణ చిత్రంలో ఒక్కో చుక్క నేల మీద నాలుగు కిలోమీటర్ల చదరం. అంటే మఠంపల్లి ఊరూ, చర్చీ, చెరువూ, కొనుగోలు కేంద్రం, రోడ్డు పొడుగునా ఆరబోసిన వడ్లూ అన్నీ కలిపి ఒక చుక్కలో సర్దుకుంటాయి. ఒక ఉపగ్రహం అరగంటకొక బొమ్మ తీస్తుంది, 2016లో వెళ్ళిన ఇన్‌శాట్-3డీఆర్‌తో కలిపి వంతులు వేసుకుంటే పావుగంటకొకటి. ఉరుముల మబ్బు ఒంటరిదయితే పుట్టడం, పెరగడం, కురవడం, విడిపోవడం అన్నీ గంటలోపు తేలిపోతాయి. రెండు బొమ్మల మధ్య ఒక రాశి తడిసిపోవచ్చు. పైగా ఆ కన్ను మనల్ని దక్షిణం నుంచి కాస్త ఏటవాలుగా చూస్తుంది. పొట్టి వస్తువులకు ఫరవాలేదు. పదహారు కిలోమీటర్ల మబ్బుతల మాత్రం, సవరించకపోతే, అసలున్న చోటికి ఐదారు కిలోమీటర్లు ఉత్తరంగా ఉన్నట్టు బొమ్మలో పడుతుంది. నది మాకు దక్షిణాన ఉంది. అంటే అవతల పల్నాడు ఒడ్డున నిలబడిన మబ్బు బొమ్మలో నది దాటి మా ఊరి మీదకు వచ్చేస్తుంది. ఇది తెలిసిన రోజు చిన్నాన్న మాట గుర్తొచ్చి చాలాసేపు అలాగే కూర్చున్నాను. మా తమ్ముడు చూసిన బొమ్మ అబద్ధం కాదు, చిన్నాన్న కన్నూ అబద్ధం కాదు. ఇద్దరూ నిలబడ్డ చోట్లు వేరు. ఉపగ్రహం చూసేది మబ్బు పైకప్పు. చిన్నాన్న చూసేది దాని గడప. పైకప్పును చూసి ఇల్లు ఎంతదో చెప్పగలం, గడప దగ్గర ఎవరున్నారో చెప్పలేం. అలాగని గడప దగ్గర నిలబడ్డవాడికి ఇల్లు ఎంతదో తెలియదు. చిన్నాన్నకు నది అవతలి ఒక్క మబ్బే తెలుసు, దాని వెనక మాచర్ల దాకా వరసగా ఇంకెన్ని లేస్తున్నాయో తెలియదు.

తేమను కొలవడానికి మా ఊళ్ళో ఆ రోజుల్లో రెండు సాధనాలు పనిచేస్తుంటాయి. ఒకటి ఆ పైనున్నది. నీటిఆవిరి కోసమే దానికి ప్రత్యేకమైన కన్ను ఉంది, ఎనిమిది కిలోమీటర్ల చదరానికి ఒక లెక్క చెబుతుంది. రెండోది కొనుగోలు కేంద్రంలో బల్ల మీద ఉన్న తేమ యంత్రం. గుప్పెడు వడ్లు పోసి మూత బిగిస్తే అంకె వస్తుంది. 17 శాతం దాటితే కాంటా లేదు. ఆ అంకె కోసం మనుషులు రోజుల తరబడి రాశుల దగ్గరే ఉంటారు. పొద్దున్నే పట్టాలు తీసి, కాళ్ళతో వడ్లు జరుపుతూ సాళ్ళు తీసి ఆరబెడతారు. మధ్యాహ్నం మళ్ళీ తిరగేస్తారు. గింజ పంటి కింద పెట్టి కొరుకుతారు. టప్‌మని విరిగితే ఆరినట్టు, మెత్తగా నలిగితే ఇంకో ఎండ కావాలి. సాయంత్రం పోగు చేసి, పట్టా కప్పి, అంచుల మీద రాళ్ళు పెడతారు. పక్కనే మంచం వేసుకుంటారు. ఇంత చేశాక పందొమ్మిది నుంచి పదిహేడుకు దిగిన రాశి మీద ఒక్క అరగంట వాన కురిస్తే మొదటికొస్తుంది. నాలుగు రోజులు వరసగా కురిస్తే గింజ మొలకెత్తుతుంది. అప్పుడు మిర్యాలగూడ మిల్లు దాకా పోయినా దానికి ధర ఉండదు. పైనున్న యంత్రం ఆకాశంలో తేమ పెరిగిందంటే, ఆ పెరుగుదల చివరికి తేలేది ఈ గుప్పెడు గింజల దగ్గరే. ఈ రెండు అంకెలకూ మధ్య 36 వేల కిలోమీటర్లు ఉంటే ఉండనీ, చుట్టరికం మాత్రం దగ్గరిది.

మబ్బు నిజంగా వచ్చేటప్పుడు ఎలా ఉంటుందో కూడా చెప్పాలి, ఎందుకంటే అది ఏ బొమ్మలోనూ పడదు. మొదట ఒక మోత. మా వైపు సున్నపురాయి గనుల్లో పేల్చే అలవాటుంది కనక, ఆ మోత గనిదా మబ్బుదా అని అందరూ ఒక క్షణం ఆగుతారు. గనిమోత ఒక్కసారి కొట్టి కాళ్ళ కింద నేలలోంచి వస్తుంది. ఉరుము కొట్టి, దొర్లి, నది మీదుగా పోయి, అవతలి కొండకు తగిలి తిరిగొస్తుంది. అది తేలగానే పరుగులు. అప్పటిదాకా కదలని గాలి ఒక్కసారి దిక్కు మారుతుంది. చల్లగా, తడి మట్టివాసనతో, మబ్బులోంచి కిందికి దిగిన గాలి నేల మీద పడి అన్ని దిక్కులకూ పరుగెత్తే గాలి అది. వానకన్నా ముందొస్తుంది. దుమ్ము లేస్తుంది, తాలు లేస్తుంది, కప్పిన పట్టా లేస్తుంది. ఒకామె పట్టా అంచు మీద కూర్చుండిపోతుంది, రాయికి బదులు తానే. హమాలీలు తూకం ఆపి వచ్చి తలో కొస పట్టుకుంటారు. ఎవరి రాశి అని ఎవరూ అడగరు. ముందు లావుపాటి చినుకులు నాలుగు పడతాయి, ఒక్కోసారి వాటితో పాటు వడగండ్లు. పదహారు కిలోమీటర్ల మబ్బులో పైకీ కిందికీ తిరిగి గడ్డకట్టిన నీరు అది. ఇదంతా జరుగుతున్నంతసేపూ పైనుంచి తీసిన బొమ్మలో ఉండేది నిండైన తెలుపు. అది కింద జరిగేదాన్ని మొత్తం కప్పేస్తుంది. తెలుపు ఎంత నిండుగా ఉంటే కింద అంత అలజడి ఉందని గుర్తు పెట్టుకోవడం తప్ప దూరాన ఉన్నవాడికి వేరే దారి లేదు.

ఎత్తున ఉన్నవాడికి కింది సంగతి పట్టదని నేను అనను. అలా అనబోయినప్పుడల్లా శ్రీకృష్ణదేవరాయలు అడ్డం వస్తారు. కళింగ దండయాత్ర దారిలో కృష్ణ ఒడ్డున, ఈ డెల్టాలోనే, శ్రీకాకుళంలో ఆంధ్రమహావిష్ణువు సన్నిధిలో ఆయన ఏకాదశి ఉపవాసం ఉన్నాడు. ఆ రాత్రి కలలో స్వామి తెలుగులో కావ్యం చెప్పమన్నాడని ఆముక్తమాల్యద మొదట్లో ఆయనే చెప్పుకున్నాడు. ఆ కావ్యంలో వానాకాలం వర్ణన చదివితే ఆశ్చర్యం వేస్తుంది. చక్రవర్తి కదా, మేడ మీద నుంచి మబ్బుల సొగసు చెప్పి ఊరుకోవచ్చు. ఆయన వంటింట్లోకి వచ్చాడు. తడిసిన కట్టెలు రాజుకోక, పొగతో కళ్ళు మండుతూ వంట చేసే ఇల్లాలిని చూశాడు. పొలంలో కాపలా ఉన్న రైతును చూశాడు. సేనల్ని నడిపించే మనిషికి ఊదుగొట్టం దగ్గరి పొగ ఎలా తెలిసింది? అడిగి తెలుసుకున్నాడా, చూసి తెలుసుకున్నాడా? ఎలాగైనా సరే, పట్టించుకున్నాడు. సింహాసనం ఎత్తు ఆయన చూపుకు అడ్డు రాలేదు. ఎత్తుకు చేరినవాడు దిగి చూడాలనుకుంటే చూడగలడని ఆ పద్యాలు నాకు భరోసా ఇస్తాయి.

ఈ డెల్టా మనుషులకు పైచూపు విలువ నేను చెప్పాల్సిన పని లేదు. 1977 నవంబర్ 19న ఉప్పెన దివిసీమను ముంచింది, పది వేల మందికి పైగా పోయారు. మనకంటూ ఒక వాతావరణ కన్ను అప్పటికి పైన లేదు. ఇన్‌శాట్-1బి కెమెరా పైకి వెళ్ళింది 1983 ఆగస్టులో. అప్పటి నుంచి తుపాను వస్తోందంటే రోజుల ముందే తెలుస్తోంది, బస్సులు పెట్టి ఊళ్ళు ఖాళీ చేయిస్తున్నారు, ప్రాణాలు నిలుస్తున్నాయి. పైచూపు సాధించిన పుణ్యం అది. ఉరుముల మబ్బు దగ్గరికి వచ్చేసరికి ఆ పుణ్యం ఇంకా పూర్తి కాలేదు. తుపానుకు రోజుల గడువుంటే దీనికి నిమిషాలే. 2018 ఏప్రిల్ 24న ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే 13 గంటల్లో 36,749 పిడుగులు నమోదయ్యాయి. దేశంలో ఏటా 2,000 మందికి పైగా పిడుగుపాటుకు చనిపోతున్నారు. వాళ్ళలో ఎక్కువమంది ఎవరు? పొలాల్లో ఉన్నవాళ్ళు, గొర్రెలు కాసేవాళ్ళు, వాన వచ్చిందని చెట్టు కిందకు చేరినవాళ్ళు. పుణెలోని ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థ (ఐఐటీఎం) చేసిన దామిని యాప్ చుట్టుపక్కల ఎక్కడ పిడుగులు పడుతున్నాయో చెబుతుంది. వాతావరణ శాఖ మచిలీపట్నం, హైదరాబాద్ రాడార్లు మబ్బు లోపలి చినుకును కూడా చూస్తాయి. ఇన్ని కళ్ళున్నాయి. అయినా చెట్టు కింద నిలబడ్డ మనిషి చేతిలో ఫోను ఉండకపోవచ్చు, ఉన్నా మోగకపోవచ్చు. 36 వేల కిలోమీటర్లు క్షణంలో దాటిన మాట, ఊరి రోడ్డు నుంచి పొలంగట్టు దాకా ఉన్న ఆఖరి కిలోమీటరు దగ్గర ఆగిపోతోంది. ఆ కిలోమీటరు ఏ ఉపగ్రహమూ దాటలేదు. మనుషులే దాటాలి.

నా ప్రశ్నకు నేను చెప్పుకున్న జవాబు ఇదే. పైనుంచి చూసేవాడికి మబ్బు పొడుగూ వెడల్పూ తెలుస్తాయి, దాని చప్పుడు తెలియదు. కింద ఉన్నవాడికి చప్పుడు తెలుస్తుంది, కానీ అది తెలిసేసరికి సమయం మించిపోతుంది. ఒకరికి ముందుచూపు ఉంది, ఇంకొకరికి ఎంత ప్రమాదమో తెలుసు. ఈ రెండూ కలవకపోతే రెండూ సగాలే. అందుకే బొమ్మ చూసి నేను ఊరుకోవడం మానేశాను. పల్నాడు మీద తెలుపు చిక్కబడితే ఇంటికి ఫోను చేస్తాను. "అక్కడ ఎలా ఉంది?" అని అడుగుతాను, ఎందుకంటే నా బొమ్మ ఎంత పాతదో, ఎంత పక్కకు జరిగి ఉందో నాకు తెలుసు. వాళ్ళు చెప్పేది విని, వెనకాల ఇంకేం వస్తున్నాయో నేను చెబుతాను. మీరూ అలా చేయండి. ఏ హైదరాబాదులోనో, ఏ డాలస్‌లోనో కూర్చుని సొంతూరి మీద మేఘాలు చూసుకునేవాళ్ళు మనలో ఎంతోమంది ఉన్నారు. చూసినప్పుడు ఒక ఫోను చేయండి. ఊళ్ళో ఉన్నవాళ్ళు ఫోను లేనివాళ్ళకు ఒక కేక వేయండి. ఉరుము వినపడిందంటే పిడుగు పడే దూరంలో ఉన్నట్టే. చెట్టు కింద నిలబడొద్దు, మోటారు ముట్టుకోవద్దు, నీళ్ళలో ఉంటే బయటికి రండి, దగ్గర్లో ఉన్న పక్కా ఇంట్లోకి వెళ్ళండి. చివరి ఉరుము వినపడి అరగంట గడిచేదాకా బయటికి రావద్దు. వడ్లు తడిస్తే మళ్ళీ ఆరబెట్టుకోవచ్చు.